సర్పంచ్‌గా నిలబడుతున్న మా మేనకోడలికి

బంగారూ,

నువ్వు సర్పంచ్‌గా పోటీ చేస్తున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషంతో కాసేపు మాట రాలేదు నాకు. ఫోన్ పెట్టేశాక మొదలైంది టెన్షన్. సీటు మహిళలకి రిజర్వయ్యేసరికి వాడికి కూతురు గుర్తొచ్చిందా, లేక నిలబడాలని నీకే అనిపించిందా? నామినేషన్ వేసేలోపు ఈ ముక్క తేల్చుకో. నీకే అనిపించి ఉంటే ఈ ఉత్తరం చదువు. మీ నాన్న ఆలోచనే అయినా చదువు, ఇంకాస్త జాగ్రత్తగా.

చిన్న పనులు ముందు. ఇంటి పన్ను బకాయి ఉంటే కట్టేసి రసీదు దగ్గరుంచుకో. ఓటర్ల జాబితాలో నీ పేరు తప్పుల్లేకుండా ఉందో చూడు. నిన్ను ప్రతిపాదించే మనిషి మన చుట్టాల్లో వాడు కాకపోతే మంచిది. ఓటుకింత అని పంచడానికి మీ అమ్మ గాజులు బ్యాంకులో పెడదామని ఎవరన్నా అంటే అక్కడే ఆగిపో. వాటిని విడిపించాలంటే రేపు నీ చెయ్యి పంచాయతీ డబ్బు మీదికి పోవాల్సిందే.

ఇక అసలు సంగతి. నలుగురు పెద్దమనుషులు మీ ఇంటికొస్తారు. "ఊళ్ళో గొడవలెందుకమ్మా, ఏకగ్రీవం చేసేద్దాం, గుడికింత రాయండి చాలు" అంటారు. మీ నాన్న కళ్ళు మెరుస్తాయి. నువ్వు మాత్రం ఒప్పుకోకు.

1995లో మీ తాత ఊరినంతా ఒక్క మాట మీదికి తెచ్చాడని మీ ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు కదా. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. రామాలయం అరుగు మీద పెద్దలు, మధ్యలో మా నాన్న. సర్పంచ్ పదవికి పాట పెట్టారు. ఒకటోసారి, రెండోసారి అంటూ గొర్రెల సంతలో లాగానే. ఎక్కువ పాడినాయన గాలిగోపురానికి డబ్బు కడతానన్నాడు. తాంబూలాలు పంచారు, మిగతా వాళ్ళెవరూ నామినేషన్ వెయ్యలేదు. కాలనీ వాళ్ళు వేపచెట్టు కింద నిలబడి చూస్తున్నారు. పందిరి వెయ్యడానికి పిలిచారు వాళ్ళని, మాట అడగడానికి కాదు. ఆడవాళ్ళనైతే దేనికీ పిలవలేదు.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. దానికి మూడేళ్ళ ముందు, 1992లో, దూబగుంటలో మొదలైన సారా పోరాటం మన జిల్లా అంతా పాకింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా కొట్లు మూయించారు, నెల్లూరులో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. మన ఊరి నుంచీ పోయారు, కాలనీ నుంచే ఎక్కువ మంది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది, 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే నిషేధించింది. అంత చేసినవాళ్ళు తమ ఊరి రామాలయం ముందు సర్పంచ్ పాటని ఆపలేకపోయారు. (1997లో మద్యం మళ్ళీ వచ్చింది. అప్పుడూ వాళ్ళనెవరూ అడగలేదు.)

మరుసటి వేసవిలో కాలనీ బోరింగు చెడిపోయింది. హ్యాండిల్ పైకీ కిందికీ ఆడుతుంది, నీళ్ళు రావు. పదిమంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో సర్పంచ్ ఇంటికి పోయారు. ఆయన మంచం మీంచి లేవకుండానే అన్నాడు: "మీరు ఓట్లేస్తే గెలిచానా నేను? గుడికి డబ్బు కట్టి తెచ్చుకున్నా. పోయి ఆ రాముణ్ణే అడగండి." ఆ మాట మా నాన్న చెవిన పడింది. సొంత డబ్బుతో ఉదయగిరి నుంచి మెకానిక్కుని పిలిపించి బోరింగు బాగు చేయించాడు. పాట పెట్టడం పొరపాటని మాత్రం ఆయన నోట ఎన్నడూ రాలేదు. మీ తాతని తక్కువ చెయ్యడానికి రాయలేదమ్మా ఇది. ఆయన మంచివాడు గనకే అంతమంది నోళ్ళు మూతపడ్డాయి.

పోటీ అంటే గొడవలే అని పెద్దలు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదులే. అన్నదమ్ముల మధ్య మాటల్లేకుండా పోయిన ఇళ్ళు నాకూ తెలుసు. ప్రభుత్వాలూ ఏకగ్రీవాన్నే మెచ్చుకుంటాయి. 2021లో అయితే 2 వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, 10 వేలు దాటితే 20 లక్షలు ప్రోత్సాహకం అన్నారు. ఎదురుగా నిలబడేవాడు మనస్ఫూర్తిగా తప్పుకుంటే అది వేరు. అలా కాకుండా వాణ్ణి బలవంతంగా తప్పించి, ఊరంతా ఒక్క మాట మీద ఉందని రాసుకుంటే ఎవరు కాదన్నారో కాగితం మీద కనపడదు.

అలాగని ఓట్లు లెక్కపెడితే జనం మాట మొత్తం తెలిసిపోతుందని అనుకోకు. మన అసెంబ్లీనే చూడు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొచ్చాయి, 175లో 23 సీట్లు దక్కాయి. 2024లో వైసీపీకి దాదాపు అదే 39 శాతం, సీట్లు 11. ఎన్నికల డ్యూటీలు చాలా చేశాను నేను. ప్రతిసారీ గెలిచినాయన ప్రజలంతా తన వెంటే ఉన్నారనడం, బూత్ కాగితాలు చూసిన మేం లోపల్లోపల నవ్వుకోవడం. నువ్వు నాలుగు ఓట్లతో గెలిచినా వెయ్యనివాళ్ళ ఇళ్ళ ముందూ వీధిలైటు వెలగాలి. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. ఆ వెసులుబాటు ఉన్నప్పుడు ఏ పార్టీ కండువా నీ మెడలో పడనివ్వకు.

గెలిస్తే గ్రామసభ సంగతి చూడు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ అందులో సభ్యులే. చాలా చోట్ల ఏం జరుగుతుందో తెలుసుగా? పగలు పదకొండింటికి సభ అంటారు. కూలీలు పొలాల్లో ఉంటారు. ఖాళీ కుర్చీలకి ఫొటో తీసి, సాయంత్రం పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటారు. నువ్వు రాత్రి ఏడుకి పెట్టు, ఒక్కోసారి కాలనీలోనే పెట్టు. తీర్మానం రాశాక పైకి చదివించి, అప్పుడే సంతకాలు తీసుకో.

మా తమ్ముడి గురించి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? వాడు నీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. తర్వాత నీ కుర్చీలోనే కూర్చుంటాడు. "అమ్మాయి చిన్నది, నాతో చెప్పండి" అంటాడు. మొదటి రోజే బయట బెంచీ చూపించు. అలుగుతాడు, అలగనీ. చెక్కుల మీద చదవకుండా సంతకం పెట్టావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

నా ఓటు ఆత్మకూరులో ఉంది, నీకు వెయ్యలేను. పోలింగ్‌కి ముందు రోజే వచ్చేస్తాను, వంట సంగతి నాకొదిలెయ్. లెక్కింపు అదే రోజు ఉంటుంది, చివరి కట్ట విప్పేదాకా నువ్వు అక్కణ్ణించి కదలొద్దు. మీ నాన్నని మాత్రం కౌంటింగ్ ఏజెంటుగా పెట్టకు, వాడికసలే బీపీ.

నీ అత్త