ఒక్క ఫెలోషిప్‌కి ఇన్ని సంస్థలెందుకు?

ప్రశ్న: అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ చేస్తున్నాను. తర్వాత మెడికల్ టాక్సికాలజీ (విషాల బారిన పడ్డవాళ్లకు చేసే వైద్యం) ఫెలోషిప్ చేయాలని ఉంది. ఏ ప్రోగ్రామ్ వివరాలు చూసినా ఒక యూనివర్సిటీ, రెండు మూడు ఆసుపత్రులు, ఒక పాయిజన్ సెంటర్ (విషం కేసులకు ఫోన్లో సలహా చెప్పే కేంద్రం), ఒక్కోచోట ప్రభుత్వ సంస్థ కూడా. ఇంతకీ నేను ఎవరి కింద పనిచేస్తానండీ? ఇంతమంది మధ్య నలిగిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: పేర్లు ఎన్నున్నా జవాబుదారీ మాత్రం ఒకరే. ఏసీజీఎంఈ (అమెరికాలో డాక్టర్ల శిక్షణకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌కి స్పాన్సరింగ్ ఇన్‌స్టిట్యూషన్, అంటే బాధ్యత వహించే సంస్థ, ఒకటే ఉంటుంది, ప్రోగ్రామ్ డైరెక్టర్ కూడా ఒకరే. మిగతావి పార్టిసిపేటింగ్ సైట్లు, అంటే మీరు వెళ్లి పని నేర్చుకునే చోట్లు. తప్పనిసరి రొటేషన్ జరిగే ప్రతి సైట్‌తోనూ ప్రోగ్రామ్ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి, అందులో అక్కడ మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు, ఎన్నాళ్లుంటారు, ఏం నేర్పాలి అన్నవన్నీ ఉంటాయి. పేచీ వస్తే వెళ్లాల్సింది డైరెక్టర్ దగ్గరికే.

ఇక ఇన్ని చోట్లు ఎందుకంటే, ఈ విద్య ఒక్క కప్పు కింద దొరకదు. రెండేళ్ల ఫెలోషిప్‌లో మంచం పక్కన రోగిని చూడాలి, ఫోన్లో సలహా చెప్పాలి, పిల్లల కేసులు, ఫ్యాక్టరీల్లో రసాయనాల బారిన పడ్డవాళ్ల కేసులు, ల్యాబ్ పని అన్నీ తెలియాలి.

పాయిజన్ సెంటర్ సంగతే తీసుకోండి. ఫోన్ ముందు ఎత్తేది అక్కడి నర్సులు, ఫార్మసిస్టులు. చిక్కు కేసైతే మీకు ఇస్తారు. రాత్రి ఒంటిగంటకు ఏదో చిన్న ఆసుపత్రి డాక్టరు, ఎసిటమినోఫెన్ (మన పారాసిటమాల్) మాత్రలు మింగిన అమ్మాయికి రక్తంలో మందు లెవెల్ తక్కువే వచ్చింది, ఇంటికి పంపేయమంటారా అని అడుగుతాడు. రక్తం ఎప్పుడు తీశారు అంటే, మింగిన రెండు గంటలకు అంటాడు. ఆ లెవెల్‌ని నమ్మి పంపకూడదు. ఆ లెవెల్‌ని బట్టి వైద్యం కావాలో లేదో చెప్పే రుమాక్-మాథ్యూ నోమోగ్రామ్ అనే చార్టు, మింగిన నాలుగో గంట నుంచే పనికొస్తుంది కాబట్టి అప్పుడు మళ్లీ తీయమనాలి, మిల్లీలీటరుకి 150 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ మొదలుపెట్టమనాలి. రోగి మొహం చూడకుండా సరైన ప్రశ్న అడగడం అక్కడే అలవాటవుతుంది.

మంచం పక్కన నేర్చుకునేది వేరు. ఒళ్లు కాలిపోతూ, గుండె దడదడలాడుతూ, కనుపాపలు విప్పారి, ఏదేదో మాట్లాడుతున్న మనిషి చంకలో చెయ్యి పెట్టి చూస్తారు. తడిగా ఉంటే కొకైన్ లాంటి ఉత్తేజకం మీద అనుమానం, పొడిగా ఉంటే అలర్జీకి వాడే బెనడ్రిల్ లాంటి యాంటీకోలినెర్జిక్ (చెమటను ఆపేసే రకం మందు) మీద. ఇది ఫోన్లో అడిగి తెలుసుకోవచ్చు, కానీ మీ చేత్తో చూసి ఉంటేనే ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

ఊరిని బట్టి అనుభవమూ మారుతుంది. ఫీనిక్స్‌లో ర్యాటిల్ పాముల కాట్లు బాగా వస్తాయి. అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ, జార్జియా పాయిజన్ సెంటర్‌తో పాటు సీడీసీ (అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ) కూడా ఉంది కాబట్టి ప్రజారోగ్యం వైపు పని ఎక్కువ. అందుకే పేరున్న యూనివర్సిటీ కదా అని ఎగబడకండి (అందరూ చేసేదదే), ఏ సైట్‌లో ఎన్ని నెలలో అడగండి. కాగితం మీద ఆరు పేర్లుండి, నిజానికి ఏడాదంతా ఒక్కచోటే తిప్పితే మిగతావి అలంకారానికే అనుకోవాలి.

ప్రశ్న: జీతం ఎవరిస్తారు? నేను జే-1 వీసా మీద ఉన్నాను. ఎమర్జెన్సీలో అదనపు షిఫ్టులు చేసుకోవచ్చా?

జవాబు: జే-1 మీద మూన్‌లైటింగ్, అంటే మీరడిగిన అదనపు షిఫ్టులు, కుదరదు, ఆ ఆశ వదిలేయండి. జీతమిచ్చే సంస్థ ప్రోగ్రామ్‌ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల ఫెలోలు జూనియర్ ఫ్యాకల్టీగా ఎమర్జెన్సీ షిఫ్టులు చేస్తారు, వాళ్ల జీతంలో కొంత అందులోంచే వస్తుంది. అలాంటి ప్రోగ్రామ్ మీ వీసాకు సరిపడుతుందో లేదో దరఖాస్తుకు ముందే తేల్చుకోండి, మ్యాచ్ (సీటు ఖరారు) అయ్యాక తేలితే పెద్ద తలనొప్పి.

ఇంటర్వ్యూలో ఇప్పుడున్న ఫెలోలను విడిగా పట్టుకుని ఇంకో సంగతి అడగండి: రాత్రంతా పాయిజన్ కాల్స్ తీసుకున్నాక పొద్దున్నే ఏ ఆసుపత్రికి పరుగెత్తాలి, అదెంత దూరం? ఇంటినుంచి ఫోన్లో చేసిన పని కూడా వారానికి 80 గంటల పరిమితిలోకి వస్తుంది, నాలుగు వారాల సగటు మీద చూస్తారు. ఆ గంటలు నిజంగా లెక్కేస్తున్నారో లేదో డైరెక్టర్ కంటే వాళ్లే సూటిగా చెబుతారు.