టాబ్లెట్ వాయిదాలు తీరకముందే కీబోర్డు కేసుకు మరో అప్పా?

ప్రశ్న: ఇంటి దగ్గరే ఉండి అనువాదాలు, టైపింగ్ పనులు చేస్తుంటాను. ఆదాయం అన్ని నెలలూ ఒకేలా ఉండదు. సగటున నెలకు 100 వస్తే ఇంటి ఖర్చులకు 70, టాబ్లెట్ వాయిదాకు 12 పోతాయి. ఇంకా 5 వాయిదాలున్నాయి. దాచుకున్నది 45. తెర మీద టైప్ చేయలేక విడదీసే వీలున్న కీబోర్డు కేసు కొందామనుకుంటున్నాను. టాబ్లెట్ కంపెనీదే అయితే 50 అవుతుంది. వేరే కంపెనీ బ్లూటూత్ కేసు 20. విడి బ్లూటూత్ కీబోర్డు, స్టాండు కలిపితే 8. కంపెనీ కేసును వడ్డీ లేకుండా 6 వాయిదాల్లో ఇస్తామంటున్నారు, నెలకు 8 పైచిలుకే. పని వేగం పెరిగితే ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది కదా, తీసుకోమంటారా? (అంకెలన్నీ నెల సగటు ఆదాయాన్ని 100 అనుకుని మార్చినవి.)

జవాబు: తీసుకోవద్దు. కీబోర్డు కొనడంలో తప్పు లేదు, టైపింగే జీవనాధారమైనప్పుడు అది మీకు పనిముట్టే. ఒక అప్పు నడుస్తుండగా, చేతిలో సరైన అత్యవసర నిధి లేకుండా, మరో అప్పు చేసి కొనడమే తప్పు. మీ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం కూడా అదే. ఫోనుకో వాయిదా, టాబ్లెట్‌కో వాయిదా, దాని పెన్నుకు ఒకటి, ఇప్పుడు కేసుకు ఇంకొకటి... ఇలా చిన్న చిన్న వాయిదాలు పేర్చుకుంటూ పోయేవాళ్లు చాలామంది. ప్రతిసారీ వాళ్లు చూసేది నెలకు ఎంత కట్టాలన్నదే. ఆదాయం ఆగిపోతే చేతిలో ఉన్నది ఎన్ని రోజులు వస్తుందన్న లెక్క ఎవరూ వేయరు.

ఆ లెక్క వేద్దాం. ఖర్చులు 70, వాయిదా 12, కలిపి నెలకు 82. మీ దగ్గరున్నది 45. పని ఆగిన రోజు నుంచి 16 రోజులకు అది అయిపోతుంది. కొత్త వాయిదా చేరితే నెలకు కట్టాల్సింది 90 దాటుతుంది, 15 రోజులకే ఖాళీ. ఒక్క రోజు తేడాయే కదా అనుకోకండి, దెబ్బ పడేది మిగులు మీద. ఇప్పుడు నెలకు 18 మిగులుతున్నాయి. కొత్త వాయిదాతో అది 10 లోపుకు పడిపోతుంది. ఆదాయం సగటు కంటే పదో వంతు తగ్గిన నెలలో పైసా మిగలదు. మీలాంటి పనిలో పదో వంతు తగ్గడానికి పెద్ద కష్టమేమీ రానక్కర్లేదు, ఒక్క బిల్లు పైనెలకు జరిగితే చాలు. రెండు నెలల పాటు డబ్బు రాకపోతే 164 కావాలి, మీ దగ్గరున్నది అందులో మూడో వంతు కూడా కాదు. మిగతాది మళ్లీ అప్పే కదా! అప్పుడు దొరికే అప్పు ఇప్పటి కన్నా ఖరీదైనది.

‘వడ్డీ లేని’ అన్న మాటను నమ్మే ముందు ఆ దుకాణాన్ని ఒక్క ప్రశ్న అడగండి: మొత్తం ఇప్పుడే కట్టేస్తే ఎంతకిస్తారు? ధర 100 అయిన వస్తువును ఒకేసారి కడితే 92కు ఇస్తారనుకుందాం. వాయిదాల్లో 100 కట్టడమంటే 92 అప్పు తీసుకుని, నెలకు 16.67 చొప్పున 6 సార్లు తీర్చడమే. అసలు నెలనెలా తరిగిపోతుంటుంది కాబట్టి పోగొట్టుకున్న ఆ 8 ఏడాదికి దాదాపు 29 శాతం వడ్డీతో సమానం. ముందుగానే ఇంకో 2 ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుంటే 37 శాతం దాకా పోతుంది. మీరే సరిచూసుకోవచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో రేట్ ఫంక్షన్‌కు 6, మైనస్ 16.67, 92 అని వరసగా ఇవ్వండి. నెలకు 2.4 శాతం పైన చూపిస్తుంది, దాన్ని 12తో గుణించండి. మీకు చెప్పిన నగదు ధర, ఫీజు వేరే అయితే ఆ అంకెలే వేయండి. నగదు ధరలో తగ్గింపు అసలు లేకపోతే, ఫీజూ లేకపోతే, నిజంగానే వడ్డీ లేనట్టు. అప్పుడు కూడా నా జవాబు మారదు. ఆదాయం నిలకడగా లేనివాళ్లు ఒక్క వాయిదా తప్పినా ఆలస్య రుసుము, మిగిలిన మొత్తం మీద వడ్డీ, క్రెడిట్ స్కోరులో మచ్చ. డబ్బు రాని నెలలో ఇవన్నీ గోరుచుట్టు మీద రోకటిపోటు.

వేగం పెరిగి ఖర్చు తిరిగి వస్తుందన్న మాటలో సగమే నిజం. తెర మీద కొట్టడం నుంచి అసలైన కీల మీదికి మారితే వేగం పెరుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ లాభమంతా 8 పెట్టి కొన్న విడి కీబోర్డుతోనే వచ్చేస్తుంది. మిగిలిన 42 పెట్టి కొనేది ఒద్దికగా మూసుకునే కేసును, ఛార్జింగ్ బాధ లేకపోవడాన్ని. అవి సౌకర్యాలు, ఆదాయం కాదు.

ఏది కొనాలో తేల్చుకోవడానికి మూడు రకాల గురించీ తెలుసుకోండి.

కంపెనీ కేసు సాధారణంగా టాబ్లెట్ అంచునున్న లోహపు పిన్నుల ద్వారా కలుస్తుంది. కరెంటు టాబ్లెట్ నుంచే తీసుకుంటుంది కాబట్టి దానికి వేరే బ్యాటరీ అక్కర్లేదు, జత చేసే పనీ ఉండదు. ఇది నిజమైన సుఖమే. చిక్కల్లా అది ఆ మోడల్‌కే కట్టుబడి ఉండడం. ఆపిల్ 2020లో తెచ్చిన మ్యాజిక్ కీబోర్డు 2024లో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రోకు పనికిరాదు, కొత్తది కొనాల్సిందే. టాబ్లెట్ మార్చిన రోజున కేసు మీద పెట్టిన డబ్బూ పోతుంది. అందుకే కేసు ధరను టాబ్లెట్‌లో ఇంకా ఎన్ని నెలల ఆయుష్షు ఉందో దానితో భాగించి చూడండి, ‘నెలకు 8’ అన్న అంకె కంటే అదే అసలు ధర. పాడవడంలోనూ రెండు పద్ధతులున్నాయి. పిన్నుల మీద దుమ్ము, చెమట పేరుకుంటే కీబోర్డు ఉన్నట్టుండి పలకదు. పొడి మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడిస్తే చాలాసార్లు దారిన పడుతుంది. రెండోది కుదరని జబ్బు. కవరు మడత లోపలి నుంచి పల్చటి తీగల పట్టీ వెళ్లే రకాల్లో, రోజూ మడిచీ విప్పీ ఆ పట్టీ తెగితే బాగు చేయడం దాదాపు అసాధ్యం.

వేరే కంపెనీ బ్లూటూత్ కేసుల్లో చాలావాటికి బ్యాటరీ లోపలే సీలు చేసి ఉంటుంది, మార్చలేం. రెండు మూడేళ్లకు దాని పట్టు తగ్గుతుంది. కాసేపు వాడకపోతే నిద్రలోకి పోయి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి రెండు మూడు అక్షరాలు మింగేస్తుంది. బరువు కూడా చూసుకోండి. 10, 11 అంగుళాల టాబ్లెట్ సుమారు 450 నుంచి 500 గ్రాములుంటే, చాలా కేసులు కూడా అంతే బరువుంటాయి. రెండూ కలిస్తే చిన్న ల్యాప్‌టాప్ బరువు. వెనక కాలు పెట్టి నిలబెట్టే రకమైతే బల్ల మీద బాగుంటుంది, ఒళ్లో నిలవదు.

కీల మధ్య దూరం గురించి అమ్మేవాళ్లు చెప్పరు, మీకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పూర్తి కొలత కీబోర్డులో ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. 15 కీల వెడల్పుకు 285 మిల్లీమీటర్లు కావాలి. 10, 11 అంగుళాల టాబ్లెట్ పొడవే సుమారు 250. ఆ 35 ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా, కొందరు అన్ని కీలనూ కుదిస్తారు, కొందరు అంచుల్లోని విరామ చిహ్నాల కీలను సగం చేస్తారు. స్కేలు తీసుకెళ్లి క్యూ కీ మధ్య నుంచి పీ కీ మధ్యకు కొలవండి. 171 వస్తే పూర్తి కొలత. 162 దాకా అలవాటు పడొచ్చు. 155కు దిగితే రోజుకు నాలుగైదు గంటలు కొట్టేవాళ్లకు తప్పులు పెరుగుతాయి, ఆ తప్పులు దిద్దే సమయానికి మీకెవరూ డబ్బివ్వరు.

విడి కీబోర్డు, స్టాండు మీకు సరిపోయేవని చెప్పడానికి ధర ఒక్కటే కారణం కాదు. కేసులో తెర కీబోర్డుకు అతుక్కుని కిందనే ఉంటుంది, మెడ వంచి చదవాలి. స్టాండు అయితే తెరను కంటి ఎత్తుకు తెచ్చుకోవచ్చు. మూల పాఠం, అనువాదం పక్కపక్కన పెట్టుకుని గంటల తరబడి చేసే పనికి ఇదే మేలు. రెండు మూడు పరికరాలకు జతకట్టి బటన్‌తో మార్చుకునే రకం తీసుకుంటే ఫోనుకూ, రేపు కొనబోయే టాబ్లెట్‌కూ అదే పనికొస్తుంది. బ్యాటరీ మార్చుకునే వీలుందో లేదో చూడండి. స్టాండు అడుగున రబ్బరు ఉండాలి, తెరను వేలితో తాకితే వెనక్కి ఊగకూడదు. ట్రాక్‌ప్యాడ్ కోసమే కేసు కావాలనిపిస్తే, మామూలు బ్లూటూత్ మౌస్ ఆండ్రాయిడ్‌లో ఎప్పటి నుంచో పనిచేస్తోంది, ఐప్యాడ్‌లో 2020 మార్చిలో వచ్చిన 13.4 వెర్షన్ నుంచి పనిచేస్తోంది.

ఏది కొన్నా ముందు ఒక పరీక్ష చేయండి. తెర మీది కీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకునే అలవాటుంటే, బయటి కీబోర్డు తగిలించగానే ఆ సదుపాయం పనిచేయకపోవచ్చు. ఎవరి దగ్గరైనా బ్లూటూత్ కీబోర్డు అడిగి తీసుకుని, మీ టాబ్లెట్‌కు జతచేసి, మీరు రోజూ వాడే యాప్‌లోనే ఒక పేజీ కొట్టి చూడండి. 50 పెట్టి కొన్నాక తెలిస్తే లాభం లేదు.

ఇప్పుడు మీ నెలల లెక్క. ఈ నెల మిగిలే 18లో 8 పెట్టి కీబోర్డు, స్టాండు కొనండి, డబ్బు ఇప్పుడే కట్టేయండి. మిగిలిన 10ని దాచుకున్న 45కు కలపండి, అదే మీ నిధి. ఆ తర్వాతి నాలుగు నెలలు 18 చొప్పున వేస్తే, వాయిదాలు తీరేసరికి నిధి 127 అవుతుంది. కంపెనీ కేసు వాయిదాల్లో తీసుకుంటే అదే రోజుకు అది 93 దగ్గరే ఆగిపోతుంది, పైగా ఇంకో వాయిదా మిగిలే ఉంటుంది. టాబ్లెట్ అప్పు తీరిన నెల నుంచి ఆ 12 కూడా నిధికే పోవాలి, కొత్త వస్తువుకు కాదు. నెలకు 30 చొప్పున మరో పది నెలల్లో 420 దాటుతుంది. అది మీకు ఆరు నెలల ఖర్చు. నెల జీతం వచ్చేవాళ్లకు నేను చెప్పే కనీసం అదే. మీ ఆదాయం ఒడుదొడుకులది కాబట్టి తొమ్మిది నెలల ఖర్చు, అంటే 630 దాకా ఆపకండి. ఎక్కువ పని వచ్చిన నెలలో అదనంగా వచ్చినదంతా దీనికే.

నిధిలో రెండు నెలల ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునే ఖాతాలో ఉంచి, మిగతాది రద్దు చేసుకోగల డిపాజిట్లో పెట్టండి. రోజూ లావాదేవీలు చేసే ఖాతాలో మాత్రం కలపొద్దు, కలిస్తే ఖర్చయిపోతుంది. షేర్లు, ఫండ్లు నిధి పూర్తయ్యాకే. కేసుకు పొడిగింపు వారంటీ అంటగడితే వద్దనండి. మీకు ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు, లేకపోతే నిధి సగానికి చేరేదాకా కూడా ఆగకుండా తీసుకోండి.

కేసు మీద మనసు తీరకపోతే దానికీ దారుంది. నిధి 210 దాటాక, అంటే సుమారు ఎనిమిదో నెల నుంచి, నెలకు 5 చొప్పున వేరే పక్కన పెట్టండి. బ్లూటూత్ కేసుకు నాలుగు నెలలు, కంపెనీ కేసుకు పది నెలలు పడుతుంది. కొనే నాటికి మీ టాబ్లెట్‌కు ఇంకా ఎన్నాళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తాయో చూసుకోండి, రెండేళ్ల లోపే అయితే కంపెనీ కేసు మానేయండి. కొన్న తర్వాత వెనక్కి ఇచ్చే గడువు లోపలే రెండు పూర్తి రోజుల పని దాని మీద చేయండి. పెట్టె, బిల్లు పారేయకండి. అక్షరాలు తప్పుతున్నా, పిన్నులు పట్టు వదులుతున్నా, తెర ఊగుతున్నా సర్దుకుపోకుండా వెనక్కి ఇచ్చేయండి.