పాతబస్తీ మిద్దె అమ్ముతున్నావంట

కర్నూలు

అల్లుడూ,

ఫోన్లో మాట్లాడితే నీకు ఓపిక తక్కువ, నాకు వినికిడి తక్కువ. అందుకే కాగితం పట్టినా. మీ మిద్దె అమ్మకానికి పెట్టినావంట. బ్రోకరు సెంటు లెక్కన రేటు చెప్పినాడంట, ఆదివారం వచ్చి అడ్వాన్సు తీసుకుంటావంట. అమ్మొద్దని నేను అనను. మీయమ్మ మోకాళ్ళతో ఆ గడపలు దాటలేకుండా ఉంది, నువ్వు హైదరాబాదులో, ఏటా వానలకు ముందర మిద్దె మీద చవుడు మట్టి పోయించే మనిషి లేడు. అమ్ము. ఆదివారం అడ్వాన్సు మాత్రం ముట్టొద్దు.

నలభై ఏళ్ళు దస్తావేజులు రాసినోణ్ణి. ఇల్లు అమ్మి కోర్టు మెట్లెక్కినోళ్ళను చానామందిని చూసినా. వాళ్ళలో రేటు దగ్గర మోసపోయినోళ్ళు తక్కువ. ఎవరో ఒక ఆడబిడ్డ సంతకం వదిలేసి ఇరుక్కున్నోళ్ళే ఎక్కువ.

ఆ ఇల్లు మీ జేజినాయన స్వార్జితం. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులే గుడారాల్లో నడిచినాయి, అద్దెకు ఇల్లంటే బంగారం. మూడేళ్ళకే, 1956లో, రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. ఆ తర్వాత బేరం దిగినప్పుడు ఆయన కొన్నాడు. వీలునామా రాయకుండా పోయినాడు. అంటే ఆ ఇల్లు మీ నాయనకొక్కడికే రాలేదు. మీ జేజికీ, మీ నాయనకూ, ఇద్దరు మేనత్తలకూ సమంగా వచ్చింది. జేజి పోయినాక ఆమె వాటా మళ్ళీ ముగ్గురికీ పడింది. ఇప్పుడు మీ నాయనా లేడు కాబట్టి ఆయన వాటాలో మీయమ్మ, నువ్వు, నీ చెల్లెలు. పెద్దత్త లేదు కాబట్టి ఆమె భర్త, పిల్లలు. ఇంతమందీ సంతకం పెట్టాల, లేదా హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించాల.

"కట్నాలిచ్చి పంపినాం కదా మామా" అంటావు. కట్నం వేరు, వాటా వేరు. "ఎన్టీఆర్ చట్టం వచ్చేనాటికే అత్తలకు పెళ్ళిళ్ళయినాయి" అని బ్రోకరు చెప్పినాడంటివి. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు వాటా లేదన్న ఆ 1985 నాటి మెలిక తాతలనాటి ఉమ్మడి ఆస్తికి సంబంధించింది. దాన్నీ 2005లో కేంద్ర చట్టం తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి లేకున్నా కూతురికి హక్కుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మీది స్వార్జితం కాబట్టి ఆ తగవే లేదు. అట్లాంటి ఆస్తిలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచీ కొడుకెంతో కూతురంతే. బ్రోకర్లు సగం చట్టం చెప్తారు, వాళ్ళకు కమీషన్‌కు పనికొచ్చే సగం.

కాబట్టి ముందు నందికొట్కూరు పో, చిన్నత్త దగ్గరికి. మీయమ్మను వెంటబెట్టుకో. బ్రోకరునో వకీలునో పంపితే ఆమె తలుపు తీయదు, నాకు తెలుసు. వచ్చిన రేటు ఉన్నదున్నట్టు చెప్పు. "మీ వాటా ఇంత వస్తాది అత్తా" అని నువ్వే నోరు తెరిచి అను. మేం సంతకాలు అడగబోయిన ఇళ్ళల్లో ఈ మాట ముందే అన్నచోట సగంమంది కాఫీ తాగి సంతకం పెట్టినారు.

ఇంగ కాగితాలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీద పడినప్పుడు మీ ట్రంకుపెట్టె మూడు దినాలు నీళ్ళలో ఉంది. అసలు దస్తావేజు అట్టముక్క అయిపోయింది, నేనే ఎండబెట్టినా. దాని సర్టిఫైడ్ నకలు తీయించాల. ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం, కంప్యూటర్లో 1983 నుంచే వస్తాది. మీ దస్తావేజు అంతకన్నా పాతది కాబట్టి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతి పుస్తకాలు వెతికించాల. ఇంటిపన్ను ఇంకా జేజినాయన పేరు మీదే వస్తోంది, దాన్ని వారసుల పేరుకు మార్పించాల. చెక్కుబందీలో, అంటే నాలుగు హద్దుల వివరంలో, తూర్పున కంసాలాయన ఇల్లని ఉంటాది. ఇప్పుడక్కడ మూడంతస్తులు లేచి కింద సెల్‌ఫోన్ల షాపు. పాత హద్దుకు కొత్త పేరు జతచేసి రాయించు. దస్తావేజులో కొలత గజాల్లో ఉంది, బ్రోకరు సెంట్లలో మాట్లాడుతున్నాడు. సెంటుకు 48.4 గజాలు. పడమటి గోడ ఉమ్మడిది, అందులో సగమే నీది.

నా సంగతి చెప్తా, నవ్వొద్దు. వరద తీసినాక మా వీధి మిద్దెలో మోకాలిలోతు బురద. ఆ వాసనకు నాకు మతి పోయింది. మొదట వచ్చినోడు చెప్పిన రేటుకే ఇచ్చేసినా. కొన్నోడు నెలలో పడగొట్టినాడు. పడసాలలో నాలుగు టేకు స్తంభాలు, రెండు దూలాలు, చెక్కిన వాకిలి ఉండె. వాటిని విడిగా అమ్ముకున్నాడు. రెండేళ్ళకు ఒక హోటలు ముందర నిలబెట్టిన స్తంభం చూసినా. లాంతరు తగిలించను మా నాయన కొట్టిన వంకర మేకు దానికి అట్లే ఉంది, పైన వార్నిష్ పూసినారు. స్థలం రేటు చూసుకొని ఇల్లు ఊరికే ఇచ్చేసినానని అప్పుడు తెలిసింది.

నీ బ్రోకరు సెంటు రేటు చెప్తున్నాడంటే వాడూ స్థలమే లెక్కేసినాడు. మీ స్తంభాలు మావాటికన్నా లావు. వడ్రంగిని పిలిపించి చూపించు. స్క్రూడ్రైవరుతో పాదం దగ్గర పొడిస్తే దిగకూడదు. చెదలు కింద నుంచే ఎక్కుతాయి. మెటికలతో కొడితే ఖంగుమనాల. స్తంభాలు, దూలాలు, వాకిలి, వెలుతురుకు మిద్దె మీద వదిలిన గవాచి చుట్టూ బండలు, లోపల పరిచిన బేతంచెర్ల నాపరాళ్ళు, అన్నీ ఫోటోలు తీసి లెక్క రాయి. ఇప్పుడే ఊడదీయబాకు. స్తంభం తీస్తే చవుడు బరువుతో మిద్దె నెత్తిన పడుతుంది. వాటికి విడిగా రేటు కట్టించుకో, లేకుంటే పడగొట్టేటప్పుడు మనమే తీసుకుంటామని అగ్రిమెంటులో రాయించు. మనూళ్ళో ఇల్లుగానే ఉంచుకుందామనే వ్యాపారి కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఒకరిద్దరిని నేను అడుగుతా. నమ్మకంగా చెప్పలేను, ఆ వీధిలో మిగిలిన మిద్దెలు నాలుగే.

గోడకున్న వరద బురద గీత మీద సున్నం కొట్టించొద్దు. గూటికి జానెడు పైన ఉంది. ఈ ఊళ్ళో కొనేవాడు ముందు దాన్నే వెతుకుతాడు. కనపడకపోతే అనుమానం పెంచుకొని రేటు ఇంకా తెగ్గోస్తాడు. టౌన్ ప్లానింగులో రోడ్డు వెడల్పు గీత మీ అరుగు దాకా వస్తుందేమో కూడా కనుక్కో. వస్తే వాడి నోట వినేకన్నా మనకు ముందే తెలియడం మేలు.

డబ్బు సంగతి. 20,000 రూపాయలు, ఆపైన అడ్వాన్సు నగదుగా తీసుకోకూడదు, తీసుకున్నంతా జరిమానా పడొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు నూటికి ఏడున్నర కొనేవాడిది. అందుకే తక్కువకు రాయమంటాడు, ఒప్పుకోవద్దు. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకొని ఇస్తాడు, అది నీ పన్ను లెక్కలో వెనక్కి వస్తాది. లాభం మీద పన్ను ఎవరి వాటాకు వారిది. 2001 ఏప్రిల్ 1 నాటి ప్రభుత్వ విలువ తీసి ఆడిటరుకు ఇస్తే, ధరల పెరుగుదలను లెక్కలో కలిపే ఇండెక్సేషన్‌తో 20 శాతమా, లేకుండా 12.5 శాతమా, ఏది తక్కువో చెప్తాడు. అగ్రిమెంటుకు గడువు తేదీ ఉండాల. పూర్తి సొమ్ము బ్యాంకులో పడేదాకా తాళం ఇవ్వద్దు.

ఆదివారం రావద్దు, శనివారం రా. అడ్వాన్సు వాయిదా వేయమని బ్రోకరుకు ఇప్పుడే ఫోను చెయ్. తాళం నా దగ్గరుంది. టేపు తెచ్చుకో, ఇద్దరం కొలుద్దాం. పొద్దున రాకున్నా మధ్యాహ్నానికైనా రా. గవాచి ఎండ రెండో స్తంభం మీద పడే వేళకు లోపల వెలుతురు బాగుంటాది, ఫోటోలు అప్పుడే తియ్యాల.

మీ మామ