బొనిఫాసియోను చంపింది ఎవరు?

ప్రశ్న: ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య దినం జూన్ 12 అని ఒకచోట, జూలై 4 అని మరోచోట చదివాను. ఏది సరైనది? స్పెయిన్ మీద తిరుగుబాటు లేవదీసిన ఆంద్రేస్ బొనిఫాసియోను తోటి విప్లవకారులే చంపించారన్నది నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. నిజమే.

బొనిఫాసియో 1863లో మనీలాలోని తొండో ప్రాంతంలో పుట్టాడు. చిన్న వయసులోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చేతికర్రలు, కాగితపు విసనకర్రలు అమ్మి తోబుట్టువులను సాకాడు. తర్వాత విదేశీ వర్తక సంస్థల్లో చిన్న కొలువులు చేశాడు. బడి చదువు అంతంతమాత్రమే అయినా పుస్తకాలు బాగా చదివేవాడు. ఆయనను కదిలించిన రచయిత, స్పానిష్ మతగురువుల పెత్తనాన్ని తన నవలల్లో ఎండగట్టిన హోసే రిసాల్. 1892 జూలైలో ప్రభుత్వం రిసాల్‌ను మిందనావ్ దీవిలోని దపితాన్‌కు ప్రవాసం పంపిన రోజుల్లోనే బొనిఫాసియో, ఆయన మిత్రులు కటిపునన్ అనే రహస్య సంఘాన్ని స్థాపించారు. 1896లో సంఘం తరఫున ఒక వైద్యుడు దపితాన్ వెళ్లి తిరుగుబాటు ఆలోచనను చెప్పినప్పుడు, చాలినన్ని ఆయుధాలు లేకుండా దిగవద్దని రిసాల్ వారించాడు. అయినా తిరుగుబాటు మొదలైంది. దానికి రిసాల్‌నే బాధ్యుణ్ణి చేసి, ఆ ఏడాది డిసెంబర్ 30న మనీలాలో స్పెయిన్ కాల్చి చంపించింది.

ఇక బొనిఫాసియో సంగతి. మనీలా పరిసరాల్లో ఆయన దాడులు విఫలం కాగా, పక్కనున్న కవీతే రాష్ట్రంలో ఎమిలియో అగినాల్దో విజయాలు సాధించి పేరు తెచ్చుకున్నాడు. అక్కడి కటిపునన్‌లో రెండు వర్గాలుండేవి. వాటి తగవు తీర్చడానికి వెళ్లిన బొనిఫాసియో ఆ తగవులోనే చిక్కుకున్నాడు. 1897 మార్చి 22న తెహెరోస్‌లో ఆయన అధ్యక్షతన జరిగిన సభ, యుద్ధరంగంలో ఉన్న అగినాల్దోను అధ్యక్షుడిగా ఎన్నుకుని, బొనిఫాసియోకు ఆంతరంగిక వ్యవహారాల పదవి ఇచ్చింది. అగినాల్దో వర్గానికి చెందిన దానియేల్ తిరోనా లేచి, ఆ పదవికి న్యాయవాది కావాలని అడ్డుచెప్పాడు. సంఘాన్ని కట్టినప్పుడు ఎవరూ అడగని న్యాయశాస్త్రం పదవులు పంచేవేళ అవసరమైందన్నమాట! అవమానంతో రగిలిపోయిన బొనిఫాసియో సభాధ్యక్షుడి హోదాలో ఎన్నికలన్నీ చెల్లవని ప్రకటించి, వేరుగా బలగాన్ని కూడగట్టసాగాడు. అగినాల్దో మనుషులు ఆయనను గాయపరిచి పట్టుకున్నారు. ఆ ఘర్షణలో ఒక తమ్ముడు చనిపోయాడు. సైనిక న్యాయస్థానం రాజద్రోహ నేరం మోపి మరణశిక్ష వేసింది. అగినాల్దో మొదట దాన్ని దేశబహిష్కరణగా తగ్గించినా, సేనానుల ఒత్తిడితో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. మే 10న మరగొండోన్ కొండల్లో బొనిఫాసియోను, మరో తమ్ముడు ప్రొకోపియోను చంపేశారు. యుద్ధం నడుమ ఇద్దరు నాయకులుంటే విప్లవం నిలవదన్న వాదనలో కొంత పస ఉండవచ్చుగాని, ప్రత్యర్థులే తీర్పరులైన ఆ విచారణను న్యాయమని నేను అనలేను.

తేదీల విషయానికి వస్తే, రెండింటికీ ఆధారం ఉంది. అగినాల్దో 1898 జూన్ 12న కవిత్ పట్టణంలోని తన ఇంటి వద్ద స్వాతంత్ర్యం ప్రకటించాడు. కాని అదే ఏడాది డిసెంబర్‌లో, అమెరికాతో యుద్ధంలో ఓడిన స్పెయిన్ పారిస్ ఒప్పందం కింద ఆ దీవులను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. 1899 ఫిబ్రవరిలో అమెరికన్లతో యుద్ధం మొదలైంది, 1901 మార్చిలో అగినాల్దో పట్టుబడ్డాడు. అమెరికా చివరకు అధికారాన్ని వదులుకున్నది 1946లో, తన సొంత స్వాతంత్ర్య దినమైన జూలై 4న. 1962లో అధ్యక్షుడు దియోస్దాదో మకపగాల్ పండుగను జూన్ 12కు మార్చాడు కాబట్టి ఇప్పుడు సరైన తేదీ అదే.

క్యాలెండర్‌లో మరొకటి గమనించండి. రిసాల్ పేరిట సెలవు ఆయన మరణించిన డిసెంబర్ 30న ఉంటే, బొనిఫాసియో పేరిట సెలవు ఆయన పుట్టిన నవంబర్ 30న ఉంది. మే 10ని జాతీయ దినంగా జరుపుకోవాలంటే, ఆయనను ఎవరు చంపారో ఏటా చెప్పుకోవలసి వచ్చేది.