బయటి ఇంకు పోయండి, నలుపు జోలికి మాత్రం పోకండి

24 అంగుళాల ఫోటో ప్రింటర్‌లో కంపెనీ ఇంకు మానేసి బయటి పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగుపొడి కలిసిన ఇంకు) వాడితే హెడ్డు, అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగం, పోతుందా అని అడిగారు. మన దగ్గర నేను చూసినంతలో హెడ్డును చంపేది ఇంకు కాదండీ, కరెంటు. ప్రింటు నడుస్తుండగా కరెంటు పోతే హెడ్డు తన మూత దగ్గరికి చేరకుండా దారిలోనే ఆగిపోతుంది. మే నెల వరంగల్ ఎండకు నాజిళ్లు (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) ఆరిపోవడానికి ఇంకేం కావాలి? ఇంకు కన్నా ముందు యూపీఎస్ కొనండి.

అసలు దెబ్బ రంగులో తగులుతుంది. హనుమకొండలో మాది చిన్న స్టూడియో. ఇంకు మార్చిన రోజే కొత్త ప్రొఫైల్ (సరైన రంగు రావాలంటే ఏ ఇంకు ఎంత వేయాలో ప్రింటర్‌కు చెప్పే లెక్క) చేయించాను. పైపుల నిండా ఇంకా పాత ఇంకే ఉందన్న సంగతి తట్టలేదు. అంటే డబ్బిచ్చి మరీ పాత ఇంకుకే ప్రొఫైల్ చేయించుకున్నాను! పది రోజులకు పెళ్లికూతుళ్ల ముఖాలు కందిపోయినట్టు రావడం మొదలైంది. పాత ఇంకు పూర్తిగా వెళ్లిపోయాక మళ్లీ చేయిస్తే రంగుల ఫోటోలు దారికి వచ్చాయి.

అంతలో ఒక దశదిన కర్మ ఫోటో వచ్చింది. పింఛను పుస్తకం మీది బొమ్మను 20 బై 30 అంగుళాలకు పెంచాలి. (తలపాగా తీసేసి కోటు తొడగమన్నారు. బతికుండగా ఆయన కోటు ముఖం చూసి ఉండడు, అది వేరే బాధ.) నలుపు తెలుపులో తీశాను. ట్యూబ్‌లైటు కింద వెండిలా మెరిసింది. కొడుకు దాన్ని ఎండలోకి తీసుకెళ్లి, అక్కడే నిలబడిపోయాడు. “అన్నా, మా బాపు కామెర్లతో పోలేదు కదా!” నెరిసిన మీసం, తెల్ల చొక్కా అన్నీ పచ్చగా తేలాయి.

బయటి ఇంకుతో వచ్చే బూడిద రంగుకు ఉన్న జబ్బే అది, వెలుగు మారితే ఛాయ మారిపోతుంది. రంగుల ఫోటోలో కొంచెం తేడా ఎవరికీ పట్టదు. నలుపు తెలుపులో దాక్కోవడానికి చోటుండదు. ప్రొఫైల్ ఒక వెలుగుకు లెక్కగట్టి చేసేది, వెలుగు మారితే అది కాపాడలేదు. ఆ రాత్రే కరీంనగర్‌లోని మిత్రుడి దగ్గర కంపెనీ ఇంకుతో తీయించి, తెల్లవారి మొదటి బస్సులో తెప్పించాను.

అందుకే నలుపు, దాని రెండు బూడిద ఛాయలు కంపెనీవే వేస్తున్నాను, మిగతావన్నీ బయటివే. పిగ్మెంట్ అడుక్కి దిగుతుంది కాబట్టి వారానికోసారి కార్ట్రిడ్జులు ఊపుతాను. నలుపు తెలుపు ప్రింటు ఏదైనా ముందు రోడ్డు మీదికి తెచ్చి ఎండలో పట్టుకుని చూస్తాను. పక్కనున్న టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే “ఈరోజు ఎవరు పోయారన్నా?” అని అడుగుతుంటాడు.