పర్యావరణ విద్యలో పీజీ చేయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

పర్యావరణ విద్యలో పీజీ చేయాలన్న నీ నిర్ణయం నాకు చాలా సంతోషం కలిగించింది. అయితే దరఖాస్తు పంపేముందు ఒక సంగతి తేల్చుకో. పొలాల ఎరువులు చెరువులో చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తరిగిపోయి చేపలు చచ్చిపోతాయి. ఇది పర్యావరణ శాస్త్రం చెప్పే విషయం. ఇదంతా తెలిసిన మనిషి కూడా ఆ చెరువు కోసం ఎందుకు కదలడు? నువ్వు చదవబోయేది ఈ రెండో ప్రశ్న. ఇది నిన్ను నిద్రపోనివ్వకపోతేనే ఈ కోర్సులో చేరు. మొదటిదే ఎక్కువగా లాగుతుంటే శాస్త్ర విభాగానికి వెళ్ళు, అందులో తప్పేమీ లేదు.

చేరాక, అవగాహన కల్పిస్తే జనం మారతారన్న నమ్మకాన్ని ముందుగా పరీక్షకు పెట్టు. 1977లో జార్జియాలోని (అప్పటి సోవియట్ యూనియన్) టిబిలిసిలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి జరిపిన సదస్సు ఈ విద్యకు ఐదు లక్ష్యాలు నిర్దేశించింది. అవి అవగాహన, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం. నేను చూసిన కార్యక్రమాల్లో ఎక్కువ భాగం మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయాయి. తెలిస్తే వైఖరి మారుతుంది, వైఖరి మారితే నడవడి మారుతుంది అన్న సూటి లెక్క నిలవదని పర్యావరణ విద్యా పరిశోధకులు హంగర్‌ఫోర్డ్, వోల్క్ 1990లోనే ఒక వ్యాసంలో వాదించారు. వాళ్ళ ప్రకారం, ఈ సమస్య నాది అనిపించాలి, నేను చేయగలనన్న నమ్మకం ఉండాలి, ఎలా చేయాలో తెలిసుండాలి. ఆ వ్యాసాన్ని తప్పక చదువు. దానితో విభేదించిన వాళ్ళనూ చదువు.

పరిశోధన దగ్గర మాత్రం చాలా జాగ్రత్త అవసరం. పిల్లలను అడవికి తీసుకెళ్ళి, ఆ సాయంత్రమే ప్రశ్నావళి ఇస్తే అందరూ ప్రకృతి ప్రేమికులే. అదే ప్రశ్నావళిని కొన్ని నెలల తర్వాత మళ్ళీ ఇవ్వు. అడవికి వెళ్ళని పిల్లల బృందాన్ని కూడా పోల్చి చూడు. సామాజిక శాస్త్రవేత్తలు డన్‌లాప్, వాన్ లీర్ 1978లో రూపొందించిన ‘ఎన్‌ఈపీ’ (న్యూ ఎన్విరాన్‌మెంటల్ పారడైమ్) అనే ప్రశ్నావళి కొలమానం నీకు త్వరలోనే ఎదురవుతుంది. 2000లో దాన్ని సవరించి, ఒప్పుకుంటావో లేదో చెప్పాల్సిన 15 వాక్యాలుగా చేశారు. మంచి సాధనమే, కానీ అది ప్రకృతి పట్ల మనిషి దృక్పథాన్ని కొలుస్తుంది, అతని చేతలను కాదు. చేతలు తెలియాలంటే కరెంటు మీటరు చూడాలి, చెత్తబుట్ట తూకం వేయాలి, పక్కన కూర్చుని గమనించాలి. శ్రమ ఎక్కువే, అయినా నాకు ఈ పనిమీదే గౌరవం.

పిల్లలతో పని అంటే పరిశోధనలో నైతికతను పరిశీలించే సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి, తల్లిదండ్రుల లిఖిత సమ్మతి, పిల్లల ఇష్టం, మూడూ కావాలి. వీటికి నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈలోగా బడికి పరీక్షలు, సెలవులు వచ్చేస్తాయి. అందుకే మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టు.

గైడ్‌ను పేరు చూసి ఎంచుకోవద్దు. ఆయన లేదా ఆమె దగ్గర చదివిన వాళ్ళ థీసిస్‌లు తీసి చూడు. వాళ్ళతో మాట్లాడు, రాసిన అధ్యాయం ఎన్నాళ్ళకు తిరిగి వచ్చేదో అడుగు. మొహమాటపడకు.

ఇంకొకటి, ఇది నేను గట్టిగా నమ్మే మాట. చదువుతున్నన్నాళ్ళూ ప్రతివారం ఏదో ఒక తరగతిలో పాఠం చెప్పు. పిల్లల ముఖాలు చూడకుండా రాసిన సిద్ధాంతం బడి గుమ్మం దాటి లోపలికి రాదు. చిన్నపిల్లలకు కరిగే మంచుకొండలు, అంతరించే జంతువుల కథలతో మొదలుపెట్టవద్దు. తమ చేతుల్లో లేని విపత్తును చూపిస్తే వాళ్ళు భయపడి ముఖం తిప్పేసుకుంటారు. ముందు ఒక చెట్టును ఏడాది పొడవునా చూడనివ్వు. దాని మీద వాలే పురుగుల పేర్లు నేర్చుకోనివ్వు. విపత్తుల గురించి పెద్దయ్యాక, ఏదైనా చేయగలిగే వయసులో చెప్పవచ్చు.

గణాంక శాస్త్రం అంటే నీకున్న భయం నాకు తెలుసు. దాన్ని వాయిదా వేయకు, మొదటి సెమిస్టరులోనే ఆ పేపరు తీసుకో.

నీ పరిశోధన ప్రశ్నను ఒక పేజీకి మించకుండా రాసి పంపు. ఎవరు నేర్చుకోవాలి, ఏం నేర్చుకోవాలి, నేర్చుకున్నారని నీకెలా తెలుస్తుంది, ఈ మూడూ అందులో ఉండాలి. చదివి, మార్జిన్లలో నా అభిప్రాయాలు రాసి తిప్పి పంపుతాను.