బరువు ఒకచోట ఆగిపోతే కొరియా వైద్యం ఏం చూస్తుంది?

మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాక ఐదు వారాలుగా తూకం కదలడం లేదని, కొరియా సంప్రదాయ వైద్యంలో దీనికి దారి ఉందా అని మీరు అడిగారు. కొరియాలోని సువన్ నగరంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేనూ 77 కిలోల దగ్గర ఇలాగే ఆగిపోయి, ఇంటి దగ్గరి హనుయివన్‌కు, అంటే అక్కడి సంప్రదాయ వైద్యశాలకు, వెళ్లాను.

ఇంకా తక్కువ తినమంటారేమోననుకున్నాను. వైద్యురాలు నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చాలాసేపు నాడి చూశారు. నాలుక చాపమని, దాని అంచున పంటి గాట్లున్నాయని చెప్పి, నిద్ర, విరేచనం, చెమట, చేతులు చల్లబడటం గురించి ఒక్కొక్కటిగా అడిగారు. వారి దృష్టిలో ఈ దశ, కొరియన్ భాషలో జొంగ్‌చెగి, మన పట్టుదల లోపం కాదు. అరుగుదల శక్తి నీరసించి, ఒంట్లోని తేమ కదలక చిక్కబడి ‘దామ్’గా పేరుకోవడం. మన కఫానికి అది దగ్గరి మాట. కడుపు మాడ్చుకుంటే ఆ శక్తి ఇంకా సన్నగిల్లుతుందని ఆవిడ అన్నారు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుందనే ఆధునిక వివరణనే నేను నమ్ముతాను గాని, నాకు పనికొచ్చినవి మాత్రం ఆవిడ ప్రశ్నలే.

మందు సంగతి వేరు. కొరియా వైద్యుడు లీ జెమా 1894లో రాసిన గ్రంథంలోని నాలుగు దేహతత్వాలలో నాది థేఉమిన్ అని, అంటే సులువుగా ఒళ్లు చేసే తత్వమని తేల్చి, థేఉమ్‌జోవిథాంగ్ అనే కషాయాన్ని పౌచ్‌లలో ఇచ్చారు. అందులో ముల్లంగి గింజలు, చెస్ట్‌నట్‌లతో పాటు మాహ్వాంగ్, అంటే ఎఫెడ్రా మూలిక, కూడా ఉంటుంది. ఎఫెడ్రిన్ అనే ఉత్తేజక పదార్థం ఉండేది ఆ మూలికలోనే. ఆకలి చంపేదీ, గుండె దడ తెప్పించేదీ అదే. మూడో రాత్రి రెండు దాటినా నిద్ర రాలేదు, దిండు మీద చెవి ఆనిస్తే నా గుండె చప్పుడే వినిపించింది. చెబితే అలవాటవుతుందన్నారు; నేను మానేశాను. ఎఫెడ్రా కలిసిన ఆహార అనుబంధాలను అమెరికా 2004లోనే నిషేధించిందని తరువాత తెలిసింది.

ఆ ప్రశ్నల వల్లే రాత్రి పదింటి భోజనాన్ని ఏడింటికి జరిపాను, ఐదు గంటల నిద్రను ఏడు చేసుకున్నాను, సెలవు రోజుల్లో 5.7 కిలోమీటర్ల హ్వాసొంగ్ కోట గోడ చుట్టూ నడిచాను. నాలుగో వారానికి ముల్లు 76 మీదికి వచ్చింది.

మీరు వెళ్లదలిస్తే రక్తపోటు, గుండె, థైరాయిడ్ సమస్యలూ వాడుతున్న మాత్రలూ ముందే చెప్పండి. కషాయంలో మాహ్వాంగ్ ఉందా, ఎంత ఉందో అడిగి రాయించుకోండి.